సున్నాకు చోటు చూపించడం: సెన్సారు ఇచ్చే ఋణ వోల్టేజిని ఏడీసీ పరిధిలోకి తెచ్చే విధానం

ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ నిండుతున్నప్పుడు కరెంటు ఒక దిశలో ప్రవహిస్తుంది, సరఫరా పోయి దీపాలూ ఫ్యానులూ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు దానికి ఎదురు దిశలో ప్రవహిస్తుంది. ఈ రెండు దిశలనూ గుర్తించే హాల్ ఎఫెక్ట్ కరెంటు సెన్సారు, నిండేటప్పుడు ధన వోల్టేజిని, ఖాళీ అయ్యేటప్పుడు ఋణ వోల్టేజిని ఇస్తుంది. అయితే ఆ వోల్టేజిని అంకెగా మార్చవలసిన ఏడీసీకి, ఉదాహరణకు ఆర్డునో ఉనో బోర్డులో ఉండే ఏటీమెగా 328పీ చిప్పుకు, సున్నా నుండి 5 వోల్టుల వరకు ఉన్న మెట్లు మాత్రమే ఉన్నాయి. సున్నాకు కిందనున్నది దానికి కొలతగా కనబడదు, పైగా హాని చేస్తుంది.

ఒడిశాలోని రాయగడలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట డిప్లొమా, ఐటీఐ చదివే పిల్లలు కొందరు కూర్చుని పనిచేస్తారు. బడిలో ఒడియాలోనూ, కళాశాలలో ఇంగ్లీషులోనూ చదివిన ఈ పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, అందువల్ల లెక్క అర్థమైనా దాన్ని తమ మాటల్లో చెప్పుకోవడానికి తడుముకుంటారు. వర్షాకాలంలో కొండల మీద ఉరుములు మొదలైతే మా ఊళ్ళలో ఇన్వర్టర్లకు పని పెరుగుతుంది కనుక, బ్యాటరీలోకి ఎంత వెళ్ళింది, ఎంత తిరిగి వచ్చింది అన్న లెక్క వాళ్ళు ఎంచుకున్న పని. గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఇటువంటి పనే పెట్టుకున్నవారికి కూడా ఉపయోగపడుతుందని, ఆ పని చేసిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా రెండు పరిధులు రాసుకోండి

కాగితం మీద రెండు నిలువు గీతలు గీయండి. ఎడమ గీత సెన్సారుది, కుడి గీత ఏడీసీది. ఎడమ గీతకు పైన సెన్సారు ఇవ్వగల గరిష్ఠ వోల్టేజిని, కింద కనిష్ఠ వోల్టేజిని రాయాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మేము వాడిన సెన్సారు ±15 వోల్టుల సరఫరాతో పనిచేస్తుంది, 50 ఆంపియర్లకు 4 వోల్టులు ఇస్తుంది, కాబట్టి పరిధి ±4 వోల్టులని అనుకోవడం సహజం. కాని ఆ 50 ఆంపియర్లు సెన్సారు నిర్దేశించిన సాధారణ కరెంటు మాత్రమే. ఇన్వర్టరు మీద మిక్సీనో చిన్న మోటారునో వేసిన క్షణంలో కరెంటు దానికి రెండు మూడు రెట్లు పెరగవచ్చు, అప్పుడు ఈ తరహా సెన్సారు అవుట్‌పుట్ కూడా దాదాపు 12 వోల్టుల వరకు పోగలదు. ఆ కారణంగా నేను ±10 వోల్టులను కొలిచే పరిధిగా, ±12 వోల్టులను తట్టుకోవలసిన పరిధిగా తీసుకుంటాను. కొలిచే పరిధి వేరు, తట్టుకునే పరిధి వేరు అన్న సంగతిని ఈ మొదటి కాగితం మీదే రాసిపెట్టుకోండి.

కుడి గీతకు కూడా అలాగే రెండు జతల అంకెలు ఉంటాయి. ఏటీమెగా 328పీ కొలిచేది 0 నుండి 5 వోల్టులు. దాని పిన్ను తట్టుకునేది మాత్రం గ్రౌండుకు కింద 0.5 వోల్టు నుండి సరఫరాకు పైన 0.5 వోల్టు వరకు. ఆ హద్దు దాటితే పిన్ను లోపల ఉన్న రక్షణ డయోడ్లు వాహకాలవుతాయి, వాటి గుండా పోయే కరెంటు ఎక్కువైతే పిన్ను పాడవుతుంది. పాడవకపోయినా మరొక చిక్కు ఉంది. కొన్నేళ్ళ కిందట నేను ఒక నదీతీరపు పంపుసెట్టు దగ్గర ఋణ వోల్టేజి వచ్చే తీగను ఏ మధ్యవర్తీ లేకుండా పిన్నుకు కలిపాను. ఆ పిన్ను సున్నా చూపించింది, అది ఊహించినదే. కాని పక్క పిన్ను మీదున్న ఉష్ణోగ్రత సెన్సారు అంకెలు తప్పుగా రావడం మొదలైంది, నేను ఒక పూటంతా ఆ అమాయకమైన సెన్సారునే అనుమానించి మార్చి మార్చి చూశాను. ఒక పిన్నులోకి ఋణ దిశలో చొచ్చుకుపోయిన కరెంటు చిప్పు లోపల పక్క మార్గాలను కూడా కలవరపెడుతుంది.

సున్నాను ఎక్కడ కూర్చోబెట్టాలి

వోల్టేజిని జరపడమంటే నిజానికి సున్నాను జరపడమే. సెన్సారు సున్నా చూపినప్పుడు ఏడీసీ ఏ అంకె చూపాలో ముందు నిర్ణయించుకుంటే తక్కిన సర్క్యూటంతా ఆ నిర్ణయం నుండే పుడుతుంది. రెండు దిశలలోనూ కరెంటు సమానంగా పెరగగలిగితే సున్నాను సరిగ్గా నడుమ, అంటే 2.5 వోల్టుల దగ్గర, పది బిట్ల ఏడీసీలో, అంటే 0 నుండి 1023 వరకు అంకెలు ఇచ్చేదానిలో, 512 దగ్గర ఉంచాలి. నిండే కరెంటు ఎప్పుడూ 20 ఆంపియర్లు దాటదు, ఖాళీ అయ్యే కరెంటు మాత్రం 100 దాకా పోతుంది అని మీకు ఖాయంగా తెలిస్తే సున్నాను పైకి జరిపి కిందివైపు ఎక్కువ చోటు ఇవ్వవచ్చు. నా వరకు నేను నడిమి స్థానాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే సెన్సారును ఎవరైనా తిరగేసి బిగించినా కొలత చెడదు, గుర్తు మాత్రమే మారుతుంది.

వాటాల లెక్క

సెన్సారు తీగ నుండి ఒక రెసిస్టరు, 5 వోల్టుల నుండి ఒక రెసిస్టరు, గ్రౌండు నుండి ఒక రెసిస్టరు తీసుకుని మూడింటి చివరలను ఒకే బిందువు దగ్గర కలపండి. ఆ బిందువే ఏడీసీ పిన్నుకు పోతుంది. మూడు వైపుల నుండి మూడు చేతులు ఆ బిందువును తమ తమ వోల్టేజి వైపు లాగుతున్నాయని ఊహించుకోండి. రెసిస్టరు చిన్నదైతే లాగే బలం ఎక్కువ, పెద్దదైతే తక్కువ. బిందువు దగ్గరి వోల్టేజి ఈ మూడు బలాల వాటాల ప్రకారం స్థిరపడుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు వాటాలన్నీ కలిపితే మొత్తం పొలమే కావలసినట్లు, ఈ మూడు వాటాలూ కలిపితే కచ్చితంగా ఒకటి కావాలి.

సెన్సారు వాటా ఎంతో ఇలా కనుక్కోండి: ఏడీసీ వెడల్పును సెన్సారు వెడల్పుతో భాగించండి. మన సెన్సారు −10 నుండి +10 వరకు, అంటే 20 వోల్టుల వెడల్పు. ఏడీసీ వెడల్పు 5 వోల్టులు. భాగిస్తే నాలుగో వంతు. తరువాత 5 వోల్టుల రెసిస్టరు వాటా: సున్నా కూర్చోవలసిన 2.5 వోల్టులను 5 వోల్టులతో భాగిస్తే సగం. ఒకటిలో నుండి నాలుగో వంతూ సగమూ తీసేస్తే మిగిలే నాలుగో వంతు గ్రౌండు రెసిస్టరుది. రెసిస్టర్ల విలువలు వాటాలకు విలోమంగా ఉంటాయి కనుక నాలుగో వంతు వాటా ఉన్నదానికి 20 కిలో ఓములు, సగం వాటా ఉన్నదానికి 10 కిలో ఓములు, మిగిలిన నాలుగో వంతుకు మళ్ళీ 20 కిలో ఓములు.

సరిచూడండి. సెన్సారు −10 వోల్టుల వద్ద ఉంటే 20 కిలో ఓముల గుండా అర మిల్లీ ఆంపియరు బయటికి లాగబడుతుంది, 5 వోల్టుల వైపు నుండి 10 కిలో ఓముల గుండా అర మిల్లీ ఆంపియరు లోపలికి వస్తుంది, రెండూ చెల్లిపోయి బిందువు సరిగ్గా సున్నా వోల్టుల దగ్గర నిలుస్తుంది. సెన్సారు +10 దగ్గర ఉంటే బిందువు 5 వోల్టులకు చేరుతుంది. సెన్సారు సున్నా అయితే 2.5.

±5 వోల్టుల సెన్సారైతే లెక్క మరీ తేలిక. సెన్సారు వాటా సగం, 5 వోల్టుల వాటా సగం, గ్రౌండుకు మిగిలింది ఏమీ లేదు, కాబట్టి మూడో రెసిస్టరే అవసరం లేదు, రెండు సమానమైన రెసిస్టర్లు చాలు. లెక్కలో గ్రౌండు వాటా ఋణ సంఖ్యగా వచ్చిందంటే మాత్రం ఈ పని వట్టి రెసిస్టర్లతో సాధ్యం కాదని అర్థం. ఆ సందర్భం గురించి తరువాత చెబుతాను.

ఈఎస్‌పీ 32 అనే 3.3 వోల్టుల బోర్డు వాడేవారు ఇదే లెక్కను వేరే అంకెలతో వేయాలి. దాని ఏడీసీ రెండు కొసలలోనూ వంకరగా చదువుతుంది, అత్యధిక అటెన్యుయేషన్ (వచ్చిన వోల్టేజిని లోపల తగ్గించి చదివే అమరిక) పెట్టినప్పుడు నమ్మదగిన పరిధి సుమారు 0.15 నుండి 2.45 వోల్టుల వరకు మాత్రమే. కనుక సెన్సారు వాటాను పదో వంతుకు తగ్గించి, సున్నాను 1.3 వోల్టుల చుట్టూ ఉంచండి. సెన్సారు వైపు 100, 3.3 వోల్టుల వైపు 24, గ్రౌండు వైపు 20 కిలో ఓములు పెడితే ±10 వోల్టులు దాదాపు 0.37 నుండి 2.34 వోల్టుల మధ్యకు వస్తాయి, రెండు చివరలా కొంత ఖాళీ కూడా మిగులుతుంది.

ఐదు రెసిస్టర్లతో కట్టడం

మా ఊళ్ళో టీవీలు బాగుచేసే దుకాణంలో 10 కిలో ఓముల రెసిస్టర్లు ఎప్పుడూ దొరుకుతాయి, 20 కిలో ఓములవి అడిగితే విశాఖపట్నం నుండి తెప్పించాలంటారు. దానికోసం ఆగనవసరం లేదు. 10 కిలో ఓములవి రెండు వరుసగా కలిపితే 20 అవుతుంది, కాబట్టి ఒకే పట్టీ నుండి ఐదు రెసిస్టర్లు కత్తిరించి తీసుకోండి: సెన్సారు వైపు రెండు, 5 వోల్టుల వైపు ఒకటి, గ్రౌండు వైపు రెండు. ఒకే పట్టీలోవి కావడం వల్ల వాటి మధ్య తేడా తక్కువగా ఉంటుంది, ఎండకు వేడెక్కినా దాదాపు కలిసే మారుతాయి, వాటాల లెక్కలో కావలసింది కూడా ఆ పొత్తే.

ఒక శాతం తేడా ఉన్న మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లనే అడగండి. వాటి మీద గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ అని ఐదు రంగు గీతలు ఉంటాయి. బంగారు గీతతో ముగిసేవి ఐదు శాతం తేడావి. ఈ వ్యత్యాసం ఎంత ప్రభావం చూపుతుందో లెక్కేసి చూపించాను పిల్లలకు: ఐదు శాతం రెసిస్టర్లలో 5 వోల్టుల వైపుది తక్కువగా, మిగిలినవి ఎక్కువగా ఉన్నాయనుకుంటే సున్నా 2.5 నుండి 2.625 వోల్టులకు జరుగుతుంది, అది సెన్సారు వైపు అర వోల్టు తప్పుకు సమానం. మన సెన్సారులో అర వోల్టంటే 6 ఆంపియర్లకు పైమాటే. ఒక శాతం వాటితో అదే తప్పు 0.1 వోల్టుకు తగ్గుతుంది, ఆ మిగిలిన దాన్ని తరువాత సరిచేసుకోవచ్చు.

బిందువు నుండి గ్రౌండుకు 1 మైక్రో ఫారడ్ కెపాసిటరు పెట్టండి. మూడు రెసిస్టర్లు కలిసి బిందువు దగ్గర 5 కిలో ఓములుగా కనబడతాయి, ఏటీమెగా చిప్పు తయారీదారు కోరే 10 కిలో ఓముల లోపే అది ఉంది. ఆ 5 కిలో ఓములూ ఈ కెపాసిటరూ కలిసి సుమారు 32 హెర్ట్జుల పైనున్న గలాభాను అణచివేస్తాయి. సెన్సారు వైపు నుండి చూస్తే మన అమరిక దాదాపు 27 కిలో ఓముల బరువుగా ఉంటుంది. ఇటువంటి హాల్ సెన్సార్లు సాధారణంగా 10 కిలో ఓములకు తక్కువ కాని లోడును అడుగుతాయి కనుక ఇబ్బంది లేదు. పీహెచ్ ఎలక్ట్రోడు వంటి అతి బలహీనమైన మూలానికి మాత్రం ఇది పనికిరాదు, అక్కడ ముందు ఒక బఫరు, అంటే మూలం మీద భారం వేయకుండా అదే వోల్టేజిని అందించే సర్క్యూటు, తప్పనిసరి.

సెన్సారు ±15 వోల్టుల సరఫరాలోని నడిమి తీగనూ, ఆర్డునో గ్రౌండునూ తప్పక కలపండి. ఈ ఒక్క తీగ మరచిపోవడం వల్ల అంకెలు పిచ్చిగా తిరగడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. హాల్ సెన్సారు బ్యాటరీ తీగ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్నే కొలుస్తుంది కాబట్టి బ్యాటరీకీ ఈ గ్రౌండుకూ విద్యుత్ సంబంధం ఏర్పడదు.

చిప్పుకు కలిపే ముందు

బిందువును పిన్నుకు కలపకుండానే మల్టీమీటరుతో పరీక్షించాలి. సెన్సారు తీగ రావలసిన చోట ముందు గ్రౌండు కలిపితే బిందువు 2.5 వోల్టులు చూపాలి. తరువాత ఒక 9 వోల్టుల చదరపు బ్యాటరీ తీసుకోండి. దాని అసలు వోల్టేజి కొలిచి రాసుకోండి, మాది 9.12 ఉంది. ఋణ ధ్రువాన్ని గ్రౌండుకూ, ధన ధ్రువాన్ని సెన్సారు చోటుకూ కలిపితే బిందువు 4.78 చూపాలి. బ్యాటరీని తిరగేయండి. ఇప్పుడు మీ చేతిలో అచ్చమైన ఋణ వోల్టేజి ఉంది, బిందువు 0.22 చూపాలి. ఖరీదైన పరికరమేదీ లేకుండా −9 వోల్టులను సృష్టించడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు. ఈ మూడు కొలతల్లో దేనిలోనైనా బిందువు సున్నాకు కిందికి పోతే రెసిస్టర్లు తారుమారయ్యాయన్నమాట. అది సరిచేసే వరకు చిప్పు జోలికి పోవద్దు.

అంకెను ఆంపియర్లుగా మార్చడం

ఇప్పుడు పిన్నుకు కలిపి, అదే బ్యాటరీతో ఏడీసీ ఇచ్చే అంకెలు రాసుకోండి. మాకు +9.12 వోల్టుల వద్ద 974, −9.12 వద్ద 47 వచ్చాయి. ఆదర్శంగా 979, 45 రావాలి, కాని రెసిస్టర్లూ సరఫరా వోల్టేజీ ఎప్పుడూ ఆదర్శంగా ఉండవు. ఈ రెండు బిందువుల గుండా ఒక సరళరేఖ గీస్తే చాలు. 18.24 వోల్టులను అంకెల తేడా అయిన 927తో భాగిస్తే ఒక్కో మెట్టు 0.01968 వోల్టు. రెండు అంకెల సగటు 510.5 మన సున్నా. ప్రోగ్రాములో వచ్చిన అంకె నుండి 510.5 తీసివేసి, 0.01968తో గుణించి, దాన్ని 12.5తో గుణిస్తే ఆంపియర్లు వస్తాయి. ఒక మెట్టు విలువ దాదాపు పావు ఆంపియరు.

ఈ తీసివేత చేసేటప్పుడు ఋణ సంఖ్యను నిలుపుకోగల చరరాశినే వాడండి. గుర్తు లేని పదహారు బిట్ల చరరాశిలో 510 నుండి 512 తీసివేస్తే −2 రాదు, 65534 వస్తుంది. సర్క్యూటులో అంత శ్రమపడి కాపాడుకున్న ఋణ గుర్తు ప్రోగ్రాములోని ఒక్క మాటతో పోతుంది.

ఒక్కసారి చదివి నమ్మవద్దు. ఇన్వర్టరు 50 హెర్ట్జుల ఏసీని తయారుచేస్తున్నప్పుడు బ్యాటరీ నుండి లాగే కరెంటు సెకనుకు 100 సార్లు ఎగసిపడుతుంది. అందువల్ల సగటు తీసే కాలం 20 మిల్లీ సెకన్లకు గుణిజంగా ఉండాలి. మేము 200 మిల్లీ సెకన్ల పాటు వరుసగా చదివి సగటు తీస్తాము. ఏదో ఒక సంఖ్యలో, ఉదాహరణకు వంద సార్లు చదివి సగటు తీసినవారికి అంకె నిలకడగా ఉండదు, తప్పు సెన్సారుదని అనుకుంటారు.

చివరిగా సెన్సారును దాని స్థానంలో బిగించి, బ్యాటరీ తీగ గుండా కరెంటు ఏమాత్రం పోకుండా ఆపి, అప్పుడు వచ్చిన అంకెను సున్నాగా మళ్ళీ తీసుకోండి. హాల్ సెన్సారుకు తనదైన చిన్న సున్నా తప్పు ఉంటుంది, అది కూడా దీంతో తీరిపోతుంది.

ఆ 5 వోల్టులు ఎక్కడివి

ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను. సున్నాను పైకి ఎత్తుతున్న 5 వోల్టులూ, ఏడీసీ కొలబద్దగా వాడుకునే 5 వోల్టులూ ఒకే తీగ నుండి రావాలి. అలా వచ్చినప్పుడు సరఫరా 4.75కు పడిపోయినా సున్నా కూడా దానితో పాటే దిగి దానిలో సగం దగ్గరే ఉంటుంది, ఏడీసీ మెట్లు కూడా అదే నిష్పత్తిలో చిన్నవవుతాయి, కాబట్టి సున్నా అంకె 512 దగ్గరే ఉండిపోతుంది. పెద్ద కరెంటుల దగ్గర ఐదు శాతం తేడా వస్తుందేమో కాని, ఏమీ ప్రవహించనప్పుడు ఏమీ లేదనే చూపుతుంది.

ఒక విద్యార్థి మంచి ఉద్దేశంతోనే, సున్నా ఎత్తడానికి వేరే నాణ్యమైన 5 వోల్టుల రెగ్యులేటరు పెట్టి, ఆర్డునోను మాత్రం సెల్‌ఫోను చార్జరు మీద నడిపాడు. చార్జరు తీగలో వోల్టేజి 4.75కు తగ్గింది. ఎత్తుడు వోల్టేజి కదలలేదు, కొలబద్ద కుంచించుకుపోయింది, సున్నా 512 నుండి 539కి జరిగింది. ఇన్వర్టరు ఆపేసి ఉన్నా బ్యాటరీలోకి 6 ఆంపియర్లకు పైగా పోతున్నట్టు తెర మీద చూపించింది. రాత్రంతా ఇలా కూడుకుంటూ పోతే పొద్దున్నకు 60 ఆంపియర్ గంటల అబద్ధం పోగవుతుంది. రెండు చోట్లా ఒకే సాధారణమైన 5 వోల్టులు వాడడం, ఒక్కచోట మాత్రం గొప్ప 5 వోల్టులు వాడడం కంటే మేలు. రెండింటికీ కలిపి ఒక మంచి రిఫరెన్సు ఇవ్వగలిగితే ఇంకా మంచిది, అయితే దాన్ని ఏరెఫ్ పిన్నుకు (ఏడీసీకి బయటి కొలబద్ద వోల్టేజి ఇచ్చే పిన్నుకు) కలిపే ముందు ప్రోగ్రాములో బయటి రిఫరెన్సును ఎంచుకోవడం మరవవద్దు, లేకపోతే లోపలి సరఫరాతో షార్టవుతుంది.

రక్షణ, తెగిన తీగ

సెన్సారు −12 వోల్టులకు పోతే బిందువు −0.5 వోల్టు అవుతుంది. అది చిప్పు హద్దు మీదే ఉంది. హద్దు మీద నిలబడడం నాకు ఇష్టం లేదు. బిందువుకూ పిన్నుకూ మధ్య 1 కిలో ఓము పెట్టి, బిందువు దగ్గర బీఏటీ 54ఎస్ షాట్కీ డయోడు జంటను పెట్టండి, దాని ఉమ్మడి కాలు బిందువుకు, ఒక కొస గ్రౌండుకు, మరో కొస 5 వోల్టులకు. సాధారణ 1ఎన్ 4148 డయోడు 0.6, 0.7 వోల్టుల దగ్గర గాని పూనుకోదు, అప్పటికే చిప్పు లోపలి డయోడు ఆ పని మొదలుపెట్టి ఉంటుంది. బోర్డు సరఫరా పోయి సెన్సారు మాత్రం వెలుగుతున్నప్పుడు కూడా పెద్ద రెసిస్టర్ల వల్ల పిన్ను వైపు పోయే కరెంటు అర మిల్లీ ఆంపియరు ప్రాంతంలోనే ఆగిపోతుంది. మూడు రెసిస్టర్లనూ పదో వంతుకు తగ్గించి కట్టేవారికి ఈ భద్రత ఉండదు.

సెన్సారు తీగ ఎలుక కొరికి తెగిపోయిందనుకోండి. సున్నా చూపుతుందని అనుకుంటాము, కాని చూపదు. సెన్సారు చేయి వదిలేసింది కాబట్టి మిగిలిన రెండు చేతులే బిందువును లాగుతాయి, అది 3.33 వోల్టుల దగ్గర నిలుస్తుంది, ఏడీసీ 683 చూపుతుంది, తెర మీద దాదాపు 42 ఆంపియర్లతో బ్యాటరీ చక్కగా నిండుతున్నట్టు కనబడుతుంది. నిజమైన కరెంటులో ఎప్పుడూ కొంత కదలిక ఉంటుంది, తెగిన తీగ ఇచ్చే 683లో ఆ కదలిక ఉండదు. కాబట్టి నిమిషం పాటు అంకె 683 చుట్టూ రెండు మూడు మెట్లలోపే కదలకుండా ఉంటే హెచ్చరిక చూపమని ప్రోగ్రాములో రాయండి.

వాటా సరిపోనప్పుడు

±1 వోల్టు ఇచ్చే సెన్సారును 0 నుండి 5 వోల్టులకు పరచాలంటే దాని వాటా రెండున్నర కావాలి. ఒకటికి మించిన వాటా ఎవరికీ ఉండదు. ఇక్కడ ఆప్ ఆంప్, అంటే వోల్టేజిని పెంచగల చిప్పు, కావాలి. ఇన్వర్టింగ్ అమరిక తీసుకోండి: సెన్సారు నుండి ఋణ ఇన్‌పుట్‌కు 10 కిలో ఓములు, అవుట్‌పుట్ నుండి ఋణ ఇన్‌పుట్‌కు 20 కిలో ఓములు, ధన ఇన్‌పుట్‌కు 0.833 వోల్టు. ఈ 0.833ను 5 వోల్టుల నుండి పైన 50, కింద 10 కిలో ఓములు పెట్టి తీయవచ్చు, మళ్ళీ ఆ 10 కిలో ఓముల పట్టీయే సరిపోతుంది. ఆప్ ఆంప్ ఆ 0.833ను మూడు రెట్లు చేసి 2.5గా మారుస్తుంది, సెన్సారు వోల్టేజిని రెండు రెట్లు చేసి తిరగేస్తుంది. +1 వోల్టుకు 0.5, −1 వోల్టుకు 4.5 వస్తుంది. తిరగబడిన గుర్తును ప్రోగ్రాములో సరిచేసుకోండి. ఈ అమరికలో నాకు నచ్చేది ఏమిటంటే, ఆప్ ఆంప్ ఇన్‌పుట్లు రెండూ ఎప్పుడూ 0.833 దగ్గరే ఉంటాయి, ఋణ వోల్టేజి రెసిస్టరు అవతలే ఆగిపోతుంది, కనుక ఆప్ ఆంప్‌కు ఋణ సరఫరా అక్కరలేదు.

చిప్పును ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. అన్ని దుకాణాల్లోనూ దొరికే ఎల్‌ఎం 358 అవుట్‌పుట్ సరఫరాకు ఒకటిన్నర వోల్టు కిందనే ఆగిపోతుంది, 5 వోల్టుల మీద అది 4.5కు చేరలేదు, మీ ఋణ కొలతల్లో సగం మేర పైకప్పుకు తగిలి చదునైపోతాయి. ఎంసీపీ 6002 వంటి, రెండు కొసల దాకా పోగల ఆప్ ఆంప్ తీసుకోండి.

75 మిల్లీ వోల్టుల షంటు, అంటే కరెంటు తన గుండా పోతున్నప్పుడు చిన్న వోల్టేజి ఇచ్చే అతి తక్కువ ఓముల రెసిస్టరు, వాడేవారు మాత్రం దీన్ని చేత్తో కట్టవద్దని నా సలహా. అంత చిన్న సంకేతాన్ని పాతిక రెట్లు పెంచేటప్పుడు ఆప్ ఆంప్ తన సొంత తప్పును కూడా అన్ని రెట్లూ పెంచుతుంది. ఐఎన్ఏ 226 వంటి చిప్పు ±81.92 మిల్లీ వోల్టుల పరిధిలో రెండు దిశలనూ తానే కొలిచి అంకెగా ఇస్తుంది. ఇక ఏడీఎస్ 1115 అనే విడి ఏడీసీ చిప్పు కొనేవారు ఒక విషయం గమనించాలి: దాని పత్రంలో ±4.096 వోల్టులని రాసి ఉండేది రెండు పిన్నుల మధ్య తేడాకు సంబంధించిన మాట. ఏ పిన్నూ గ్రౌండుకు 0.3 వోల్టు కంటే కిందికి పోకూడదు. ఆ ± గుర్తు చూసి ఋణ వోల్టేజిని నేరుగా ఇచ్చి చిప్పులు పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు.

ఏసీ సంకేతమైతే

పంపుసెట్టు మోటారు కరెంటును ఎస్‌సీటీ 013 వంటి బిగింపు ట్రాన్స్‌ఫార్మరుతో కొలిచేవారికి వాటాల లెక్క అక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకి ఏ గ్రౌండుతోనూ బంధం లేదు కాబట్టి దాన్ని మొత్తంగా ఎత్తి 2.5 వోల్టుల మీద కూర్చోబెట్టవచ్చు. రెండు 10 కిలో ఓములతో 5 వోల్టులను సగం చేసి, ఆ సగం దగ్గర 10 మైక్రో ఫారడ్ పెట్టి, సెకండరీ ఒక తీగను అక్కడికి, రెండో తీగను పిన్నుకు ఇవ్వండి. 100 ఆంపియర్లకు 50 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే రకానికి రెండు తీగల మధ్య 33 ఓముల రెసిస్టరు పెట్టాలి, 3.3 వోల్టుల బోర్డైతే 22 ఓములు. 50 మిల్లీ ఆంపియర్ల తరంగం శిఖరం 70.7 మిల్లీ ఆంపియర్లు, 33 ఓముల మీద అది 2.33 వోల్టులు, నడిమి నుండి కొసకున్న 2.5లో ఇముడుతుంది. ఈ రెసిస్టరు సోల్డరు చేసి ఉండనిదే ట్రాన్స్‌ఫార్మరును ప్రవహిస్తున్న తీగ మీద బిగించవద్దు, తెరిచి ఉన్న సెకండరీలో ప్రమాదకరమైన వోల్టేజి పుట్టగలదు. ప్రోగ్రాములో సున్నాను ముందుగా రాసిపెట్టనవసరం లేదు, పూర్తి ఆవర్తనాల సగటే సున్నా అవుతుంది.

బోర్డును డబ్బాలో బిగించేటప్పుడు మూత లోపలి వైపున మూడు అంకెలు చెరగని సిరాతో రాసి ఉంచండి: సున్నా అంకె, ఒక మెట్టు విలువ, తెగిన తీగ అంకె. సెన్సారు తీగను గ్రౌండు తీగతో మెలిపెట్టి తెండి, షీల్డు ఉన్న తీగైతే దాని అల్లికను ఒక్క చివరే గ్రౌండు చేయండి. వానలు వెలిశాక డబ్బా తెరిచి, 9 వోల్టుల బ్యాటరీని ఒకసారి ఇటూ ఒకసారి అటూ పెట్టి, వచ్చిన రెండు అంకెల సగటును మూత మీది సున్నా అంకెతో పోల్చి చూసి, రెండు మూడు మెట్లకు మించి తేడా ఉంటే రెసిస్టర్ల కాళ్ళ దగ్గరి సోల్డరును ముందు పరిశీలించండి.